నవ్వుకు వదిలిన చోటు

ఆ వేసవి సెలవుల్లో రెండో శుక్రవారం ఉదయం మా మామయ్య రాసిన సినిమా సమీక్ష మా పత్రికలో వచ్చింది. సినిమా బాగాలేదని రాశారు. ఆ సినిమాకు ఎడిటర్ ఆయన కొడుకు. అంటే మా ఆయన.

సమీక్ష చివర ఒక వాక్యం విడిగా అచ్చయింది. 'ఈ చిత్రానికి ఎడిటర్ సమీక్షకుడి కుమారుడు. పాఠకులు ఆ సంగతి తెలిసి చదువుకోవాలి.' ఆ వాక్యం ఎందుకండీ అన్నాడు మా సంపాదకుడు. అది తీసేస్తే సమీక్ష కూడా తీసెయ్యండి అన్నారు మామయ్య. ఈ సినిమా ఇంకెవరితోనైనా రాయించమని ఆయన ముందే అడిగారు. సినిమా పేజీకి ఉన్నది ఆయన ఒక్కరే. నేను కూడా ఆ పత్రికలోనే నగర వార్తలు రాస్తాను. ఈ మాటలన్నీ నా బల్లకు రెండు బల్లల అవతల జరిగాయి.

మా ఇంట్లో పేపరు మొదట అందుకునేది అత్తయ్య. ఆ రోజు వంటింట్లో నిలబడి పైకి చదివింది.

"'ప్రతి జోకు తర్వాత సినిమా ఎవరి కోసమో ఆగి చూస్తుంది. ఎవరూ రారు.'" పేపరు మడిచి బల్ల మీద పడేసింది. "బాగుంది. కన్నకొడుకని కూడా చూడకుండా ఉతికి ఆరేశారు."

"కన్నకొడుకని చూస్తూ కూర్చుంటే సినిమా ఎప్పుడు చూడను?" అన్నారు మామయ్య.

"మీరు చూశారులెండి. పెళ్ళి ఫొటోలో కూడా ఇదే మొహం. నవ్వండి సార్, నవ్వండి సార్ అని ఆ ఫొటోగ్రాఫర్ నోరు నొప్పెట్టి మానుకున్నాడు."

మా అమ్మాయి కిసుక్కుమంది. దానికి అప్పుడు పదిహేనేళ్ళు. తాతయ్య పెట్టిన పేరు పిచ్చుక. ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం.

మా ఆయన మేడ మీద నుంచి దిగి వచ్చాడు. పేపరు ముట్టుకోలేదు. ఫోన్లో అప్పటికే చదివేశాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఎక్కడ ఆగింది నాన్నా?"

"అన్నిచోట్లా."

"అన్నిచోట్లా అంటే? ఒక్క సీను చెప్పు."

"సీన్లు కత్తిరించడం నీ పని. నాకు ఆగినట్టనిపించింది. అది రాయడం నా పని."

మా ఆయన ప్లేటు తీసుకుని మేడెక్కాడు. ఆ పూట నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. అవసరం పడితే నా మీదుగా నడిపించారు. "హాల్లో ఫ్యాను చప్పుడు చేస్తోందని మీ ఆయనతో చెప్పమ్మా" అని మామయ్య. "రేపు మనిషిని పిలుస్తానని చెప్పు" అని మా ఆయన. ఇద్దరూ ఆ ఫ్యాను కిందే కూర్చుని.

సినిమా పేరు 'వాడొచ్చాడండీ'. పదో తరగతి పిల్లలు నలుగురు సరదాకి హాజరు పట్టీలో లేని కుర్రాడి పేరొకటి చేరుస్తారు. మేష్టారు పేరు పిలిచినప్పుడల్లా వంతులేసుకుని పలుకుతారు. లేని కుర్రాడికి మంచి పేరొస్తుంది. పరీక్షల్లో మార్కులొస్తాయి, పరుగు పందెంలో బహుమతి వస్తుంది. చివరికి తల్లిదండ్రుల్ని తీసుకురమ్మని కబురొస్తుంది. అక్కడి నుంచి కథ.

మా ఆయన ఈ సినిమా కోసం టీవీ చానల్లో ఉద్యోగం మానేశాడు. ఇది నిలబడితే అదే నిర్మాత దగ్గర రెండో సినిమా. నిలబడకపోతే మళ్ళీ చానల్, అందులోనూ రాత్రి షిఫ్టు. ఆ మాట నిర్మాతే మా హాల్లో కూర్చుని చెప్పాడు. దాపరికం లేని మనిషి.

కూర్పు పనంతా మేడ మీద వెనక గదిలో జరిగింది. పాత కర్టెన్లు రెండు కిటికీకి అడ్డంగా వేసి, రెండు తెరలు పెట్టుకున్నాడు. సగం పని అయ్యాక పిచ్చుక చదివే బడి హాలు అడిగి, దాని తరగతి పిల్లలందరికీ వేసి చూపించాడు. తను సినిమా చూడలేదు. గోడకానుకుని పిల్లల్ని చూశాడు. ఎక్కడ నవ్వుతున్నారు, ఆ నవ్వు ఎంతసేపుంటోంది, ఎప్పుడు తగ్గుతోంది, అదే చూశాడు. ఇంటికొచ్చి నవ్వు పుట్టిన ప్రతిచోటా ఆ నవ్వుకు సరిపడా చోటు వదిలాడు. ఆ చోట్లో ఎవరూ మాట్లాడరు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, లేకపోతే ప్యూను గంట తుడుస్తుంటాడు. నవ్వు తగ్గేసరికి తర్వాతి మాట వస్తుంది.

సినిమా విడుదలయ్యేదాకా ఈ సంగతి అతను నాతో సహా ఎవరికీ చెప్పలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే కదా అనుకున్నాడట.

ఇక ప్రెస్ షో సంగతి. విడుదలకు ముందు రోజు ఉదయం, చిన్న హాల్లో, విలేకరులకు మాత్రమే వేస్తారు. నేనొకసారి మామయ్యతో వెళ్ళాను. అక్కడ ఎవరూ పైకి నవ్వరు. అలాగని రాసిపెట్టిన నియమమేమీ లేదు. పక్కవాడు నవ్వితే నిర్మాత తాలూకు మనిషేమో అనుకుంటారు. తను నవ్వితే పక్కవాడు అదే అనుకుంటాడని భయం. కాబట్టి కామెడీ అయినా, కన్నీళ్ళయినా అందరూ ఒకేలా, దంతవైద్యుడి దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు. మా ఆయన నవ్వు కోసం వదిలిన చోట్లన్నీ ఆ ఉదయం ఖాళీగా మిగిలిపోయాయి.

మిగతా పత్రికలు కూడా ఇంచుమించు అదే రాశాయి. ఒకరు 'నత్తనడక' అన్నారు. ఒకరు 'ఎడిటర్ నిద్రపోయాడా' అని శీర్షికే పెట్టారు.

ప్రచారం కూడా కలిసిరాలేదు. పోస్టర్ మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గాల్లోకి ఎగురుతున్న కుర్రాళ్ళు, వాళ్ళ వెనక పేరున్న హాస్యనటుడి తలకాయ. ఆ నటుడు సినిమాలో రెండు సీన్లలో కనిపిస్తాడు. మా వీధి మలుపులో గోడ మీద ఆ పోస్టర్ చూసి అత్తయ్య ఆగిపోయింది.

"ఈ కళ్ళద్దాలేంట్రా? మీ సినిమాలో ఎండే లేదుగా?"

"మార్కెటింగ్ వాళ్ళు పెట్టారమ్మా. కుర్రాళ్ళకి నచ్చుతుందట."

"కుర్రాళ్ళకేమో గానీ, వాళ్ళ అమ్మలు చూస్తే గుమ్మం దాటనివ్వరు. రౌడీల సినిమా అనుకుంటారు."

అయినా మొదటి శని, ఆదివారాలు హాళ్ళు సగానికి పైగా నిండాయి. సెలవులు కదా, పిల్లలు వచ్చారు. సోమవారం తగ్గింది. సోమవారం ఏ సినిమాకైనా తగ్గుతుంది. నిర్మాత మాత్రం సమీక్షలన్నీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"సాగదీత అని అందరూ ఒకే మాట అంటుంటే మనమొక్కళ్ళం కాదంటే ఎలా బ్రదర్? ఆగినచోటల్లా కోసెయ్. బుధవారానికి అన్ని హాళ్ళకీ కొత్త కాపీ వెళ్ళిపోవాలి."

మామయ్య అప్పుడు హాల్లోనే ఉన్నారు. పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

మా ఆయన కాదని వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. రెండు రోజులు ఆ గదిలో కూర్చుని వదిలిన చోట్లన్నీ కత్తిరించేశాడు. టీ ఇవ్వడానికి వెళితే తెర మీద ఆ నలుగురు పిల్లలు గబగబా మాట్లాడేసుకుంటున్నారు.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగాను.

"ఈ గదిలో బాగానే ఉంది."

"హాల్లో?"

"మా నాన్న ఊరికే రాయడు. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాడు. నేనే ఎక్కడో తప్పు చేసుంటాను." కళ్ళు తెర మీదే ఉన్నాయి. "ఈ మాట ఆయనతో అనకు."

బుధవారం కొత్త కాపీలు హాళ్ళకు వెళ్ళాయి. గురువారం పిచ్చుక స్నేహితులతో రెండోసారి సినిమాకు వెళ్ళి, సాయంత్రం మూతి ముడుచుకుని వచ్చింది.

"నాన్నా, ఎవరో మన సినిమా కొరికేశారు."

"ఎవరో కాదు, నేనే."

"ఎందుకు? బహుమతి సీనులో వాచ్‌మన్ మాట ఒక్కళ్ళకీ వినపడలేదు. నా పక్కనున్న దానికైతే చివరిదాకా ఆయనెవరో అర్థం కాలేదు. ఈ ముసలాయన వీడికి నాన్నెలా అయ్యాడే అని సినిమా అంతా నా చెవి తినేసింది."

ఆ సీను చెప్పాలి. లేని కుర్రాడికి పరుగు పందెంలో మొదటి బహుమతి వచ్చిందని వేదిక మీద హెడ్‌మిస్ట్రెస్ ప్రకటిస్తుంది. సినిమా చూసేవాళ్ళంతా నవ్వుతారు. నలుగురు పిల్లలూ బిక్కచచ్చిపోయి చూస్తుంటారు. అప్పుడు వెనక నుంచి బడి వాచ్‌మన్ లేచి, 'వాడికి జ్వరమండీ. నేను వాళ్ళ నాన్నని' అంటాడు. మిగతా సినిమా అంతా ఆ మాట మీద నడుస్తుంది. కొత్త కాపీలో ప్రకటన అవడం, వాచ్‌మన్ లేవడం వెంటవెంటనే జరిగిపోతాయి. మాట నవ్వులో కొట్టుకుపోతుంది.

ఒక్కరు చెప్పిన మాటను నేను వార్తగా రాయను. శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

మొదట పెద్ద మాల్‌లోని హాలు. పిల్లలు బాగానే ఉన్నారు. బహుమతి ప్రకటనకు నవ్వారు. వాచ్‌మన్ పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. 'ఏమన్నాడు? ఏమన్నాడు?' అని ముందు వరసలో ఒకడు అడిగాడు. వాడికి జవాబు చెప్పేలోపు ఇంకో మాట పోయింది. విశ్రాంతికి కొందరు లేచి వెళ్ళారు, తిరిగి రాలేదు.

తర్వాత బస్‌స్టాండ్ వెనకున్న పాత హాలు. టికెట్ల కిటికీ దగ్గర గుంపు. రెండో వారం మొదటి రోజు, అదీ సమీక్షలు అలా వచ్చిన సినిమాకు, ఇంత గుంపేమిటో నాకు అర్థం కాలేదు. సీటు గోడ పక్కన దొరికింది. బహుమతి ప్రకటించారు. హాలంతా నవ్వింది. తెర మీద పిల్లలు నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ప్యూను కుర్చీ సర్దాడు. నవ్వు తగ్గింది. వాచ్‌మన్ లేచాడు. 'వాడికి జ్వరమండీ. నేను వాళ్ళ నాన్నని.' ఈసారి వచ్చిన నవ్వుకు నా ముందు కుర్చీలో కుర్రాడి చేతిలోని పాప్‌కార్న్ నా ఒళ్ళో పడింది.

ఇది పాత కాపీ. ఆట అయ్యాక మేనేజర్ గదికి వెళ్ళాను.

"కొత్త కాపీ రాలేదా అండీ?"

"ఎందుకు రాలేదూ? వచ్చింది." సొరుగు లాగి చూపించాడు. హార్డ్ డిస్కు పెట్టె సీలు కూడా తియ్యలేదు. "మా ఆపరేటర్ ఊరెళ్ళాడమ్మా. ఆ మిషన్ సంగతి నాకు తెలీదు. నడుస్తున్నదాన్ని కదిపి ఆపుకోవడమెందుకని ఊరుకున్నాను. వాళ్ళకి చెప్పకండి, రేపు మార్పిస్తాను."

"మార్పించకండి," అన్నాను.

అతను నా వంక అనుమానంగా చూశాడు. "మీరు పత్రికవాళ్ళన్నారు. ఇందులో మీకేంటి?"

"మా ఆయన సినిమా," అన్నాను.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర రెండు హాళ్ళలో చూసింది చూసినట్టు చెప్పాను. మా ఆయన చెయ్యి కడుక్కోకుండా స్కూటర్ తాళాలు తీసుకుని బస్‌స్టాండ్ వైపు వెళ్ళిపోయాడు. మామయ్య మజ్జిగ కలుపుకుంటున్నారు.

"ఆ చోట్లు కావాలని వదిలాడా?" అన్నారు.

"అవును మామయ్యా. బడిలో పిల్లలకి వేసి చూపించి, నవ్వు చూసి వదిలాడు."

"నాకెవరూ చెప్పలేదే."

"అడిగారా?" అంది అత్తయ్య.

మర్నాడు మధ్యాహ్నం ఆటకు మామయ్య, అత్తయ్య, పిచ్చుక ఆ పాత హాలుకు వెళ్ళారు. టికెట్లు మామయ్యే తీశారు. విలేకరి పాసు చూపించలేదని పిచ్చుక నాకు ప్రత్యేకంగా చెప్పింది. సినిమా మొదలైన కాసేపటికి ఆయన తెర చూడడం మానేసి వెనక్కి తిరిగి కూర్చున్నారట. అత్తయ్య మోచేత్తో పొడిచి, "ముందుకు తిరగండి, జనం పిచ్చాడనుకుంటారు" అన్నా తిరగలేదట.

సోమవారం ఆఫీసులో మామయ్య సంపాదకుడి గదిలోకి వెళ్ళారు. తలుపు తీసే ఉంది.

"ఆ సినిమా గురించి మళ్ళీ రాస్తాను."

"ఏమని?"

"నేను చూసింది ఆ సినిమా కాదని. జనంతో చూశాను. తప్పు రాశాను."

సంపాదకుడు కళ్ళజోడు తీశాడు. "మాస్టారూ, మీరు తిట్టారు కాబట్టి జనం నమ్మారు. కొడుకు సినిమాని తిట్టిన మనిషి అని నాకు ఎంతమంది ఫోన్ చేశారో తెలుసా? ఇప్పుడు పొగిడితే ఏమంటారు? ఇంట్లో అన్నం పెట్టలేదేమో, దారికొచ్చాడంటారు. మీ పేరూ పోతుంది, పత్రిక పేరూ పోతుంది. వద్దు."

మామయ్య తిరిగొచ్చి తన బల్ల దగ్గర కూర్చుని, ఎవరిదో ఇంటర్వ్యూ దిద్దుకున్నారు.

ఆ సాయంత్రమే నిర్మాత ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్లో పెట్టాడు.

"పాత కాపీ మళ్ళీ పంపుదామంటే సరే బ్రదర్, పంపుదాం. బస్‌స్టాండ్ హాలు సంగతి నేనూ విన్నాను. కానీ శుక్రవారం కొత్త సినిమాలు మూడొస్తున్నాయి. హాళ్ళవాళ్ళు మనల్ని తీసేస్తామంటున్నారు. సినిమా మారిందని జనానికి తెలియాలి కదా? కొత్త పోస్టర్ వేద్దామంటే దాని మీద పెట్టుకోవడానికి ఒక్క మంచి మాట రాసినవాడు లేడు. అన్నీ తిట్లే."

"తిట్టే వెయ్యండి," అంది అత్తయ్య. చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఎవరండీ అది?"

"మా అమ్మ," అన్నాడు మా ఆయన.

"ఏ తిట్టు అమ్మా?"

"మా ఇంటాయన రాసిందే. ప్రతి జోకు తర్వాత సినిమా ఎవరి కోసమో ఆగి చూస్తుంది అన్నారుగా. దాని కింద, మీ కోసమే, రండి అని వెయ్యండి. మొన్న హాల్లో నాకైతే అలాగే అనిపించింది. నవ్వుకోవడానికి ఎంత తీరిగ్గా టైమిచ్చాడో, మా వాడు."

నిర్మాత, "పత్రికవాళ్ళ మాట వెయ్యాలంటే ఆయన ఒప్పుకోవాలి కదమ్మా" అన్నాడు.

అందరం మామయ్య వైపు చూశాం. తన మాట పోస్టర్ మీద వెయ్యడానికి ఆయన ఎన్నడూ ఒప్పుకున్న మనిషి కాదు. ఒకసారి పొగడ్త ఒకటి అడక్కుండా వేసినందుకు ఒక కంపెనీ చేత గోడల మీద పోస్టర్లు పీకించారు.

"నేను పొగడలేదే," అన్నారు మామయ్య.

"లేదండీ."

"నేను రాసింది రాసినట్టు వేస్తారా? ఒక్క అక్షరం మార్చకుండా?"

"మార్చమండీ. 'ఎవరూ రారు' అన్నది మాత్రం..."

"అది తీసెయ్యండి. అది అబద్ధం." ఆయన లేచి ఫోను దగ్గరికి వచ్చారు. "కింద నా పేరు వెయ్యండి. పేరు లేకుండా వేస్తే ఒప్పుకోను. ఇంకో మాట. ఆ కళ్ళద్దాలు తీసేయించండి."

సంపాదకుడికి నేనే చెప్పాను. తిట్టినదాన్ని తిట్టినట్టు వేసుకుంటే మనకేం అభ్యంతరం అన్నాడు. ఆపైన "ఎవరి బుర్రలో పుట్టిందిది?" అని అడిగాడు. "చిక్కుడుకాయలు తుంచే ఆవిడ బుర్రలో," అన్నాను.

బుధవారం పోస్టర్లు పడ్డాయి. తెల్ల కాగితం. పైన నల్ల అక్షరాల్లో మామయ్య వాక్యం, ఆయన పేరు. కింద ఖాళీ కుర్చీ చుట్టూ నలుగురు పిల్లలు. అడుగున 'మీ కోసమే. రండి.' పాఠకులు కొందరు ఆఫీసుకు ఫోన్ చేసి, మీ సమీక్షకుడికి ఇది తెలుసా అని అడిగారు. ఫోనెత్తినవాళ్ళు ఆయనకే కలిపారు. తెలుసు, చూసి రండి, జనం ఉన్న ఆటకు వెళ్ళండి అని మామయ్య అందరికీ చెప్పారు. ఆ వారం ఆయన అంతకు మించి ఆ సినిమా గురించి ఎక్కడా ఏమీ అనలేదు.

గురువారం మధ్యాహ్నానికి పాత కాపీ అన్ని హాళ్ళకూ చేరింది. బస్‌స్టాండ్ హాలుకు మాత్రం పంపాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం హాళ్ళవాళ్ళు సగం చోట్ల సినిమా తీసేశారు. మిగతా సగంలో మధ్యాహ్నం, సాయంత్రం ఆటలు ఉంచారు. శనివారం ఆ సగంలోనూ టికెట్లు దొరకలేదు. ఆదివారం నిర్మాత ఫోన్ చేసి, తీసేసినచోట కూడా మళ్ళీ వేస్తున్నారని చెప్పాడు. నేను మాల్‌కు వెళ్ళి చూశాను. వేస్తున్నారు. పిల్లలతో పాటు తల్లులున్నారు. కొందరు కాపీ మారిందని విని రెండోసారి వచ్చినవాళ్ళు. వాచ్‌మన్ మాట వినపడింది.

బడులు తెరిచేదాకా సినిమా ఆడింది. తెరిచాక కూడా పాత హాల్లో శని, ఆదివారాలు ఆడింది. మా ఆయనకు చానల్ నుంచి ఫోనొస్తే, రాలేనని చెప్పాడు. రెండో సినిమాకు నిర్మాత మా హాల్లోనే అతనితో కాగితాల మీద సంతకం చేయించాడు. అప్పటికి తండ్రీకొడుకులు ఫ్యాను గురించి నేరుగా మాట్లాడుకుంటున్నారు.

వానలు మొదలైన వారం మామయ్య సంపాదకుడిని కలిశారు. తన కొడుకు పనిచేసే సినిమాలకు ఇకమీదట తాను సమీక్షలు రాయనని, వేరే మనిషిని చూసుకోమని చెప్పారు. సంపాదకుడు ఒప్పుకున్నాడు. ఒక అమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయి ప్రెస్ షోలకు వెళ్ళదు, మొదటి రోజు టికెట్టు కొనుక్కుని చూస్తుంది. బిల్లు పెడితే సంపాదకుడు పాస్ చేస్తాడు.

మామయ్య సంపాదకుడితో ఆ మాట చెప్పిన రోజు నేను ఇంటికొచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ లేదు. మామయ్య కూర్చునేది. ఎక్కడికి పోయిందని అత్తయ్యను అడిగాను. తల పైకెత్తి మేడ వైపు చూపించింది. వెళ్ళి చూశాను. వెనక గదిలో, రెండు తెరల ముందు, మా ఆయన కుర్చీ పక్కన ఉంది.